రత్నమాణిక్యం గారి మొహం

బొమ్మ ఎంత గొప్పదైనా సరే, రూతమ్మ ముందు దాని వీపు చూస్తుంది. మొహం తరవాత. గుడ్డ ఎక్కడ చివికిందో, మేకు ఎక్కడ తుప్పు పట్టిందో, చెద ఎటునుంచి దారి చేసుకుందో చెప్పేది వీపే గాని మొహం కాదు. ఆ రోజు తాడేపల్లిగూడెంలో ఈశ్వరరావు శెట్టిగారి పెరటి వసారాలోనూ అదే చేసింది. శెట్టిగారు తలస్నానం చేసి, తడిబట్టతో స్వయంగా మోసుకొచ్చి బల్ల మీద పెట్టిన బొమ్మ అది. వాళ్ల ఇంటి పేరంటాలు బొమ్మ. పసుపు కుంకుమలతో దాటిపోయిన ఇల్లాలని ఇంటిల్లిపాదీ యాభై ఏళ్లుగా దణ్ణం పెట్టుకుంటున్న మనిషి. రూతమ్మ ఆ బొమ్మను రెండు చేతులా పట్టుకుని చటుక్కున బోర్లా తిప్పేసింది.

"అయ్యో అయ్యో! అదేం పనే!" అంది గడప లోపలినుంచి శెట్టిగారి భార్య చంద్రావతి.

"ఏం కాదండీ చిన్నమ్మగారూ. మనిషికి నలతగా ఉంటే డాక్టరుగారు వీపు మీద గొట్టం పెట్టి చూడరాండీ? ఇదీ అంతేనండి" అంది రూతమ్మ, తల ఎత్తకుండానే.

ఆవిడ సంగతి ఆవిడకు తెలుసు మరి. 1936 నాటికి రూతమ్మకు నలభై ఆరేళ్లు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఏలూరులో 'బొమ్మలు కడిగే రూతమ్మ' అంటే మిషను కాంపౌండు వైపు ఎవరైనా ఇల్లు చూపిస్తారు. పుట్టింది పెంటపాడు దగ్గర పల్లెలో, కూలినాలి చేసుకునే క్రైస్తవుల ఇంట. మిషను బోర్డింగులో అయిదు క్లాసులు చదివి, పద్నాలుగో ఏట ఏలూరులో ఒక దొరసాని బంగళాలో పనికి కుదిరింది. ఆ దొరసానికి బొమ్మల పిచ్చి. సీమనుంచి ఓడలో తెచ్చుకున్న రంగుల పటాలు బంగళా గోడల నిండా ఉండేవి. వానాకాలం వచ్చిందంటే కొల్లేటి మీదినుంచి వీచే చెమ్మగాలికి వాటికి బూజు పట్టేది, రంగు పెచ్చులు లేచేది. దొరసాని ఏడుపుమొహం పెట్టుకుని ఒక్కొక్క పటమే దించి బాగు చేసుకునేది. పక్కన దూది అందించడానికి నిలబడిన రూతమ్మ, రెండేళ్లలో దొరసాని చేతిలోంచి దూది లాక్కునేంతదయింది.

ఊరికే రాలేదులెండి ఆ విద్య. పద్దెనిమిదో ఏట, అంతా వచ్చేసిందన్న పొగరుతో, గొర్రెల కాపరి బొమ్మ ఒకటి కుంకుడు నురగతో రుద్దిన రుద్దు రుద్దకుండా రుద్ది, ఒక గొర్రెపిల్ల కాలు ఊడగొట్టేసింది. దొరసాని పల్లెత్తు మాట అనలేదు. ఆ మూడుకాళ్ల గొర్రెపిల్ల పటాన్ని తెచ్చి రూతమ్మ మంచం ఎదురుగా గోడకు కొట్టించింది. రోజూ లేవగానే ముందు దాన్ని చూసి లేవమంది. అంతకంటే నాలుగు తన్నినా బాగుండేదని రూతమ్మ చాలాసార్లు అంది. కాని ఆ గొర్రెపిల్ల నేర్పిన పాఠం మాత్రం జన్మలో మరిచిపోలేదు. ఉన్నది తీయకూడదు. లేనిది పెట్టకూడదు. పైన పడిన మురికిదీ, అడుగున ఉన్న రంగుదీ హద్దు తెలిసిందాకా చెయ్యి వెయ్యకూడదు.

దొరసాని ముసలిదై సీమకు వెళ్లిపోయింది. మిషను బడి పంతులుగా చేసే భర్త ఎలీయాజరు విషజ్వరంతో పోయాడు. ఇంక ఎలా బతుకుతావే అని పల్లెలో అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకుంటే, "చేతులు రెండూ ఉన్నాయిగా, అవి పోలేదుగా" అంది రూతమ్మ. అన్నట్టే మిషను గుళ్లో పటాలూ, బంగళాల్లో పటాలూ, ఆ తరవాత జమీందార్ల మేడల్లో పటాలూ బాగు చేస్తూ పదిహేనేళ్లు నెట్టుకొచ్చింది. అందుకు ఆవిడకు గర్వం ఉంది. ఉండొద్దూ మరి!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, నవ్వినా సరే. పాత పటం మీద మురికి తీయడానికి ఉమ్మిని మించిన మందు లేదు. దొరసాని దూదిని నాలికతో తడిపి తడిపి ఎంతెంత దొరల మొహాలో తుడిచేది. ఇక పెచ్చులు లేచిన రంగును గుడ్డకు మళ్లీ అతికించాలంటే కొల్లేటి వాలుగ చేప కడుపులోని గాలితిత్తి ఎండబెట్టి, నానబెట్టి, సన్నసెగన కాచిన జిగురుకు సాటి లేదు. కోమట్ల ఇంట్లో ఈ రెండు మాటలూ నోటివెంట వస్తే కొంప మునిగిపోదూ? రూతమ్మ ఆ మాటలు ఎత్తనూ లేదు, ఆ మందులు చాటుగా వాడనూ లేదు. పలచటి కుంకుడురసం, తుమ్మబంక వేరే సీసాల్లో పోసి ఏలూరునుంచి రైల్లో తెచ్చుకుంది. పని ఆలస్యమవుతుంది. కానీ, ఎవరి ఇంటికి వెళితే ఆ ఇంటి మర్యాద. వాళ్ల దేవతను వాళ్లకు తెలియకుండా ఎంగిలి చేసే మనిషి కాదావిడ.

వాళ్ల మర్యాద ఆవిడ పట్ల ఎలా ఉందంటారా? చెప్పుకుంటే సిగ్గు. వసారా దాటి లోపలికి రాకూడదు. దాహం వేస్తే పనిమనిషి పైనుంచి దోసిట్లో పోస్తుంది. రూతమ్మ ముట్టిన పటాన్ని మళ్లీ లోపలికి తీసుకుపోయే ముందు పసుపునీళ్లు చల్లాలని చంద్రావతి చెంబు సిద్ధం చేసుకుంటుంటే, అది చూసి రూతమ్మ అంది: "చిన్నమ్మగారండీ, పటం మీద నీటిచుక్క పడితే నేను పడ్డ పాటంతా బూడిదలో పోసినట్టేనండి. చల్లకపోతే మనసు ఊరుకోదంటారా, నా మీద చల్లెయ్యండి. నేను తుడుచుకుంటాను." చంద్రావతి మొహం ఇంత చేసుకుని చెంబు పక్కన పెట్టేసింది.

శెట్టిగారు పురమాయించిన పని మాత్రం చిన్నదే. ఆ ఏడు వానలకు గోడ చెమ్మగిల్లి పటానికి బూజు పట్టింది. చంద్రావతి పుట్టిల్లు ఏలూరే కనక, వాళ్లు చెప్పి రూతమ్మను పంపించారు. "బూజు తుడిచి ఇచ్చెయ్. అంతే. మరేం చెయ్యక్కర్లేదు" అనేసి శెట్టిగారు బెల్లం కొట్టుకు వెళ్లిపోయారు. చంద్రావతి మడి వంటలోకి వెళ్లింది.

అప్పుడు వసారా చివర గోనెపట్టా మీద కూచున్న ముసలావిడ కదిలింది. అంతసేపూ ఆవిడ కునుకుతోందనుకుంది రూతమ్మ. శెట్టిగారి తల్లి, వెంకటనరసమ్మగారు. డెబ్బై ఏళ్లు ఉంటాయి. నెత్తిమీదినుంచి తెల్లపంచె. ఒక కన్ను పూర్తిగా తెల్లబడి ఉంది.

"నీ పేరేమిటన్నావే?"

"రూతమ్మనండి."

"రూతమ్మా, ఇటు దగ్గరికి రా. అంత దూరాన నిలబడితే నువ్వు నాకు కనపడవు. వాళ్లు వచ్చేలోగా ఒక మాట చెప్పాలి." రూతమ్మ దగ్గరికి వెళ్లి కింద కూచుంది. ముసలావిడ గొంతు తగ్గించి, బల్ల మీది పటం వైపు చెయ్యి చూపించింది. "ఆవిడ మా అత్తయ్యగారు కాదే."

"మరి ఎవరండీ?"

"ఎవరో నాకేం తెలుసు? పదేళ్లనుంచి మా అత్తయ్యగారి చీర కట్టుకుని, మా అత్తయ్యగారి నగలు పెట్టుకుని కూచుంది."

అంతా చెప్పింది ముసలావిడ. తల్లిలేని పిల్ల తను. తొమ్మిదో ఏట పెళ్లి చేసి ఈ ఇంట దింపేశారు. ఇల్లు అప్పుడు పెంటపాడులో ఉండేది, తాడేపల్లిగూడేనికి రైలు వచ్చాక వ్యాపారం కోసం ఇటు మారారు. అత్త రత్నమాణిక్యం గారు కోడల్ని పక్కలో వేసుకుని పడుకునేది. అద్దం ముందు కూచోబెట్టుకుని జడ వేసేది. "నల్లటి మనిషే. మొహమంతా అమ్మవారు పోసిన మచ్చలు. ఎడమ కన్ను కాస్త వాలి ఉండేది. జడ వేస్తున్నంతసేపూ అద్దంలో నా మొహం వెనకాల ఆ మొహం కనపడేది. ఆవిడంత అందగత్తె లోకంలో లేదనుకునేదాన్ని నేను." ఆ ఏడే కాలవ పడవలో ఒక పటాల పనివాడు వచ్చి, మూడు నెలలు వాళ్లింట్లో తిని, అత్తగారిని ఎదురుగా కూచోబెట్టుకుని ఈ పటం రాశాడు. ఉన్నది ఉన్నట్టు రాశాడు. పటం రాసిన తొమ్మిదేళ్లకు కలరా వచ్చి ఆవిడ పోయింది. పోయాక పటం పేరంటాలయింది.

"ఈ మేడ కట్టినప్పుడు మావాడికి బుద్ధి పుట్టింది. నాటకాలకు తెరలు రాసే జోగారావని ఒకడుండేవాడు. వాణ్ణి పిలిపించి, పటం మసిబారింది, కాస్త కళగా చెయ్యమన్నాడు. వాడు తెల్లగా, గులాబీ బుగ్గలు పెట్టి, ఇంతింత కళ్లు పెట్టి లక్ష్మీదేవిని చేసి పెట్టాడు. నేను ఆ రోజే చెప్పాను, ఈవిడ కాదురా అని. నీ కళ్లకు పొరలొచ్చాయమ్మా అన్నారు. పొరలొచ్చింది కళ్లకు గాని మతికి కాదే! అత్తయ్యగారిని చూసినవాళ్లు నేను తప్ప ఒక్కరూ మిగల్లేదు. నేను చెబితే నమ్మేవాళ్లు లేరు." ముసలావిడ ఇంకాస్త ముందుకు వంగింది. "ఒక కన్ను పోయింది. రెండోది ఏడాది కూడా ఉండదనీ, కోసినా లాభం లేదనీ డాక్టరు చెప్పేశాడు. ఈ కన్ను ఉండగా ఆవిణ్ణి ఒక్కసారి చూడాలే రూతమ్మా. నీ వల్ల అవుతుందా?"

ఏలూరులో ఎవరైనా అలా అడిగితే రూతమ్మ కస్సుమనేది. ఇక్కడ మాత్రం లేచి వెళ్లి పటాన్ని వెలుతురుకు ఏటవాలుగా పెట్టి, భూతద్దం తీసి, అంగుళం అంగుళం చూసింది. చీర మీద రంగు అంతటా సన్నటి బీటలు పడి ఉంది. మొహం మీద, మెడ మీద, చేతుల మీద ఒక్క బీటా లేదు. చీరకు అరవై ఏళ్లు, మొహానికి పదేళ్లు! నుదుటి మీద బొట్టు దగ్గర ఆగిపోయింది రూతమ్మ. అక్కడ చాలాసేపు చూసి, "ఓరి జోగారావూ!" అనుకుని నవ్వుకుంది.

ఆ బొట్టు అందరూ పెట్టుకునే బొట్టు కాదు. శుక్రవారం శుక్రవారం మైనం రాసి, దాని మీద ఇంట్లో చేసిన కుంకుమ అద్దుతూ యాభై ఏళ్లలో రేగుపండంత పెంచారు. మొగుడు పోయేదాకా ఆ పని వెంకటనరసమ్మగారు చేసింది, ఆ తరవాత చంద్రావతి చేస్తోంది. జోగారావు రంగు వేసే రోజున ముత్తైదువులు చుట్టూ నిలబడి, పేరంటాలు బొట్టు జోలికి వెళ్లావో చూడు అని బెదిరించి ఉంటారు. అతగాడు బుద్ధిమంతుడిలా బొట్టు చుట్టూ రంగు వేసి పోయాడు. అతని రంగు అంచు ఆ ముద్ద చుట్టూ చిన్న గట్టులా లేచి భూతద్దంలో తెలుస్తూనే ఉంది. అంటే ఆ బొట్టు కింద మాత్రం అతని కుంచె తగల్లేదన్న మాట.

మధ్యాహ్నం శెట్టిగారు భోజనానికి రాగానే రూతమ్మ నిలబడి చెప్పేసింది. నసగడం ఆవిడకు చేతకాదు.

"బాబుగారండీ, పటం మీద రెండు మొహాలున్నాయండి. పైది జోగారావుగారిది. కిందది మీ నాయనమ్మగారిది."

ఈశ్వరరావు చెడ్డవాడేం కాదు. తల్లి మీద ప్రేమ ఉన్నవాడే. కాని తను ముచ్చటపడి చేయించిన పనిని పదేళ్లనుంచి ఆవిడ తప్పుపడుతుంటే చిరాకు ఉండదూ? తల్లి వైపు ఒక చూపు చూసి, "మా అమ్మ చెప్పిందా?" అన్నాడు.

"చెప్పారండి. నేనూ చూశానండి."

"బూజు తుడవమంటే మొహం గీకేస్తానంటావేంటి? కింద ఏమీ లేకపోతే? ఉన్న మొహమూ పోయి, లేని మొహమూ రాకపోతే పేరంటాలు లేని ఇల్లు అవుతుంది నాది."

"అందుకేనండి ముందు మొహం ముట్టనంటున్నాను. బొట్టు ఒక్కటీ తీస్తాను. దాని కింద జోగారావుగారి రంగు పడలేదండి. అక్కడ ఏ రంగు కనపడితే మీ నాయనమ్మగారిది ఆ రంగు. తెల్లగా ఉంటే నా పెట్టె సర్దుకుని బండెక్కేస్తాను."

ఈశ్వరరావు కాసేపు ఆలోచించి, "సరే. కాని ఒక్కటి. తెల్లగా ఉంటే ఇంక ఈ ఇంట్లో ఆ మాట వినపడకూడదు. విన్నావా అమ్మా? జన్మలో ఎత్తకూడదు" అన్నాడు.

"ఎత్తను" అంది వెంకటనరసమ్మగారు, క్షణం కూడా ఆలోచించకుండా.

అంతలో చంద్రావతి గడపలోంచి, "ఏవండీ! మీకేమైనా మతి పోయిందా!" అని అరిచినంత పని చేసింది. "పేరంటాలు నుదుట బొట్టు తుడవడమేమిటండీ? చెడు మాట్లాడకూడదు గాని, నా పసుపు కుంకుమలు ఏం కావాలి? అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి. నేను ఒప్పుకోనుగాక ఒప్పుకోను." కళ్లనిండా నీళ్లు తిరిగాయి ఆవిడకు. అది నటన కాదు, నిజమైన భయం. మొగుడు ఎదురుగా ఉండగా ముత్తైదువ బొట్టు చెరపడమంటే ఆవిడ దృష్టిలో ఆయన ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

రూతమ్మ మెల్లగా, "చిన్నమ్మగారండీ, మెళ్లో తాడు పాతదైతే ఎలా మార్చుకుంటారండి?" అని అడిగింది.

"ఎలా ఏమిటి? ముందు కొత్త పసుపుతాడు కట్టుకుని, అప్పుడు పాతది తీస్తాం."

"మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదని. అంతేనాండీ? మరి ఇక్కడా అదే చేద్దామండి. ముందు మీ చేత్తో కొత్త బొట్టు పెట్టండి. గుడ్డ మీద వద్దు. ఇదుగో, నుదుటికి సూటిగా ఈ చట్రం చెక్క మీద పెట్టండి. అది పెట్టాకనే నేను పాతది ముడతాను."

చంద్రావతి కళ్లు తుడుచుకుని ఆవిడ వంక వింతగా చూసింది. "క్రైస్తవులకు ఇవన్నీ ఎలా తెలుసే?"

"మా అమ్మమ్మ నలభయ్యో ఏట బాప్తిస్మం తీసుకుందండి. అప్పటిదాకా ఆవిడ మెళ్లోనూ తాడే కదండీ."

చంద్రావతి అత్తగారి వంక చూసింది. అత్తగారు తల ఊపింది. లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి, వసారాలోకి దిగి, రూతమ్మ పక్కనే వంగి, చట్రం మీద ఇంత బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. పేరంటాలికి కుంకుమ పెట్టడం మానమని ఎవరూ అనలేదు. ఇక మీదట కుంకుమ గుడ్డ మీద కాక చెక్క మీద ఉంటే చాలు, రంగు బతుకుతుందని రూతమ్మ లోపల సంతోషించింది.

కాని పైకి చెప్పని భయం ఒకటి ఆవిడకూ ఉంది. ఇంటి కుంకుమంటే పసుపులో నిమ్మరసం, వెలిగారం కలిపి చేసేది. యాభై ఏళ్లుగా ఆ మందు రంగును తింటూ కూచుని ఉంటే, బొట్టు కింద తెలుపూ ఉండదు, నలుపూ ఉండదు. ఉత్త గుడ్డ ఉంటుంది. అప్పుడు ముసలావిడ నోరు శాశ్వతంగా మూతపడుతుంది, అందుకు కారణం తనవుతుంది. రూతమ్మ ఆ ఆలోచనను పక్కకు నెట్టి, టర్పెంటైను చుక్క ముద్ద అంచుకు తగిలించింది. మైనం మెత్తబడ్డదాకా ఆగి, వెదురుపుల్ల కొసతో ఎత్తింది. కుంకుమ పొరలు పొరలుగా, ఉల్లిపాయ రేకుల్లా ఊడింది. తెల్లపళ్లెంలో ఒక్కొక్క పెళ్లే పెడుతుంటే చంద్రావతి వాటినీ కళ్లకద్దుకుంది. అర్ధగంట పట్టింది. చివర పలచటి పొర మిగిలాక దూదితో అద్ది తీసి, రూతమ్మ పక్కకు జరిగింది.

"చూడండి బాబుగారూ."

పై అంచున కొంత మేర కుంకుమ నిజంగానే తినేసింది, గుడ్డ పోగులు కనపడుతున్నాయి. మిగతా భాగమంతా చింతపిక్క రంగు. దాని నడుమ ఆ పాత పనివాడు రాసిన బొట్టు, కందిగింజంత, ఎర్రగా. బొట్టు పక్కన గుంట పడ్డ మచ్చ ఒకటి. అమ్మవారి మచ్చ.

ఈశ్వరరావు వంగి చూశాడు. భూతద్దం అడిగి తీసుకుని మళ్లీ చూశాడు. భూతద్దం తిరిగి ఇచ్చేసి, "సరే, కానీ" అని కొట్టుకు వెళ్లిపోయాడు. "ఏం కనపడిందో ఈ గుడ్డిదానికి ఎవరైనా చెబుతారా?" అంది వెంకటనరసమ్మగారు మూలనుంచి.

"చింతపిక్క రంగండీ అమ్మగారూ" అంది రూతమ్మ.

ముసలావిడ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పదేళ్లలో ఆవిడ మాట మొదటిసారి నిజమైంది.

ఆ తరవాత పదకొండు రోజులు పట్టింది. స్పిరిటు, టర్పెంటైను పాళ్లు చూసుకుని కలపడం, దూది పుల్లకు చుట్టి అద్దడం, జోగారావు రంగు కరిగిందనగానే ఉత్త టర్పెంటైనుతో ఆపడం. గోరంత మేర తీస్తే ఒక పూట గడిచేది. జోగారావు రంగు పచ్చిది కనక వదిలేది, పాతది గట్టిపడింది కనక నిలిచేది. అయినా రూతమ్మ తొందరపడలేదు. చంద్రావతి రెండో రోజునుంచే పీట వేసుకుని దగ్గర కూచోవడం మొదలుపెట్టింది. నాలుగో రోజున మజ్జిగ దోసిట్లో పోయించకుండా గ్లాసుతో ఇచ్చింది.

ఎడమ చెవి దగ్గర మాత్రం జోగారావు గరుకు కాగితం పెట్టి రుద్దినట్టున్నాడు. అక్కడ కింద ఏమీ మిగల్లేదు. అంతవరకు చుట్టుపక్కల రంగుకు దగ్గరగా పలచటి నీటిరంగు ఒక్కటి అద్ది వదిలేసింది రూతమ్మ. "చెవి కమ్మ కాస్త వేసెయ్యరాదూ?" అని చంద్రావతి అడిగితే, "ఆవిడ ఏ కమ్మ పెట్టుకుందో నాకు తెలియదండి. తెలియంది వేస్తే నాకూ జోగారావుగారికీ తేడా ఏముందండి?" అంది.

ఆరో రోజున శెట్టిగారు సాయంత్రం పెందలాడే వచ్చి పటం చూసి ఉలిక్కిపడ్డారు. సగం మొహం తెల్లగా, గులాబీ బుగ్గతో ఉంది. సగం నల్లగా, మచ్చలతో ఉంది. "ఆపు, ఆపు!" అన్నారు. "నలుగురూ వచ్చి దణ్ణం పెట్టుకునే పటమిది. ఈ మొహం చూసి ఏమనుకుంటారు? ఇదా మీ పేరంటాలు అనరూ?"

రూతమ్మ పుల్ల కింద పెట్టేసింది. "మీరు ఆపమంటే ఆపేస్తానండి. సగం జోగారావుగారిదీ, సగం మీ నాయనమ్మగారిదీ అలాగే ఉంచుకోండి. రేపొద్దున ఏ సగానికి దణ్ణం పెడతారో అది కూడా మీ ఇష్టమేనండి."

"నోరు చాలా ఉందే నీకు!"

"నోరూ ఉందండి, చెయ్యీ ఉందండి. బాబుగారూ, మీకు నచ్చేలా ఉండాలని ఆవిడ పుట్టలేదండి. ఆవిడ పుడితే మీరొచ్చారు."

ఈశ్వరరావు మొహం ఎర్రబడింది. ఇంతలో చంద్రావతి, "ఏవండీ, ఒక్కసారి ఇలా కూచోండి" అంది. పీట మీద కూచోబెట్టి, పటం వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూసింది. ఆ పొద్దున్నే పటంలో నాయనమ్మ ఎడమ కన్ను బయటపడింది. రెప్ప కాస్త కిందికి వాలి, నిద్రలోంచి లేచినట్టుంది. ఈశ్వరరావు ఎడమ కన్నూ అచ్చం అలాగే ఉంటుంది. బెల్లం పాకం పొగ తగిలి అలా అయిందని ఆయన ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. "మీ కన్నేనండి ఇది!" అని నవ్వేసింది చంద్రావతి. "అచ్చు గుద్దినట్టు మీ కన్నే!"

ఆయన లోపలికి వెళ్లి అద్దం చూసుకుని వచ్చాడు. మళ్లీ పటం ముందు నిలబడ్డాడు. దీపాలు పెట్టే వేళ దాకా అక్కడే ఉండి, వెళుతూ వెళుతూ, "రెండో సగం ఎన్నాళ్లు పడుతుంది?" అని మాత్రం అడిగాడు.

పదకొండో రోజు పొద్దున్న పని పూర్తయింది. కార్తిక మాసం ఎండ, కంటికి హాయిగా ఉంది. వెంకటనరసమ్మగారికి నీడలో కనపడదని పటాన్ని పెరట్లో పెట్టాలంది రూతమ్మ. ఈశ్వరరావు స్వయంగా కుర్చీ తెచ్చి ఎండలో వేశాడు. దాని మీద పటం ఆనించి, వెలుతురు సూటిగా మొహం మీద పడేలా రూతమ్మ సరిచేసింది. ఎదురుగా పీట వేసి, చంద్రావతి అత్తగారిని చెయ్యి పట్టుకుని తెచ్చి కూచోబెట్టింది.

ముసలావిడ ముందుకు వంగింది. కనపడే కన్నును పటానికి జానెడు దూరంలోకి తెచ్చి, నుదురు చూసింది, కన్ను చూసింది, బుగ్గల మీద మచ్చలు ఒక్కొక్కటే చూసింది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఆ ఏడుపు ఎలా ఆపాలా అని చంద్రావతి కొంగు చేత్తో పట్టుకుని నిలబడింది.

వెంకటనరసమ్మగారు ఏడవలేదు. ఆశ్చర్యంగా కోడలి వంక తిరిగి చూసి, మళ్లీ పటం వంక చూసింది. పటంలో మనిషికి నిండా ముప్పయ్యేళ్లుండవు. చంద్రావతికంటే చిన్నది. తొమ్మిదేళ్ల పిల్ల తలెత్తి చూసినప్పుడు కొండంత కనపడిన మనిషి.

"అత్తయ్యగారూ!" అంది ముసలావిడ. "ఎంత చిన్నపిల్లవమ్మా నువ్వు!"

చేతులు రెండూ చాచి, పటాన్ని తాకకుండా ఆ మచ్చల బుగ్గల దాకా తీసుకుపోయి, వెనక్కి తెచ్చి తన కణతలకు ఆనించి, పటపటా మెటికలు విరిచింది.